ఆఖరి పేజీల డబ్బా

మొన్న జనగామలో ఒక బడివాళ్లు పిలిచారు. పిల్లల చేత పుస్తకాలు చదివించే కార్యక్రమమట. రిటైరైన పంతులమ్మను కాబట్టి వచ్చి రెండు మాటలు చెప్పాలట. ఇలాంటి చోట్లకు వెళ్లడమంటే నాకు చిరాకు. శాలువా కప్పడం, ఫొటో తీయడం, ఆ ఫొటో కోసం పిల్లలను ఎండలో నిలబెట్టడం. అయినా వెళ్లాను.

లైబ్రరీ గదిలో ఒక బల్ల నిండా డిటెక్టివ్ కథల పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఒకటి తీసి తిరగేశాను. చివరి పేజీలు లేవు. పక్కనే ఒక కవరు. దాని మీద స్కెచ్ పెన్నుతో “హంతకుడు ఎవరో చెప్పినవాళ్లకే” అని రాసి టేపు అంటించారు. “ఇది మా సొంత ఐడియా మేడం. పిల్లలు తిండి మానేసి చదువుతున్నరు” అన్నది అక్కడి చిన్న వయసు టీచరమ్మ. సొంత ఐడియానట! నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ వెంటనే కారం దంచే ఘాటేదో ముక్కుకు తగిలినట్టయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమైంది మేడం అని అడిగితే దుమ్ము అని చెప్పాను.

మా ఊరు మహబూబాబాద్ పక్కన ప్యాసింజరు రైలు ఆగే ఊరు. స్టేషను దాటగానే మార్కెట్ యార్డు. మిర్చి వచ్చే రోజుల్లో ఊరంతా తుమ్ములే. కొత్తగా వచ్చిన వాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే మేం పిల్లలం వాళ్లను చూసి నవ్వేవాళ్లం. యార్డుకు ఎదురుగా ఒక పెంకుటిల్లు ఉండేది. వెనక భాగంలో ఆ ఇంటి ముసలవ్వ కాపురం. ముందు గదిలో సర్కారు లైబ్రరీ.

లైబ్రరీ అంటే అప్పట్లో పేపర్లు చదివే పెద్దవాళ్ల జాగా. అందులో ఒకాయనను మేం పేపరు పెద్దమనిషి అనేవాళ్లం. మిర్చి వ్యాపారి. పొద్దున్నే వచ్చి పేపరు మొత్తం గట్టిగా చదివేవాడు. ఆయన చదవడం అయ్యేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టుకోవడానికి లేదు. పిల్లలు గడప తొక్కితే, “ఏందే, ఈడ మిఠాయిలు పంచుతున్నరా?” అని కసిరేవాడు.

భూపాలపల్లి దిక్కు నుంచి ఒక సారు బదిలీ మీద వచ్చాక అంతా మారిపోయింది. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. బీరువా అడుగు అరలో ఎవరూ ముట్టని డిటెక్టివ్ పుస్తకాల కట్టలు ఆయన కంటపడ్డాయి. వాటన్నిటికీ చివరి అధ్యాయాలను బ్లేడుతో కోసి, దేనికది దారంతో కుట్టి, ఒక రేకు డబ్బాలో పెట్టాడు. బిస్కెట్ల డబ్బా అది, మూత మీద నెమలి బొమ్మ. తరువాత బడికి వచ్చి మా క్లాసులో ఒక కథ మొదలుపెట్టి, సరిగ్గా జమీందారు శవం దొరికిన చోట ఆపి, “మిగిలింది లైబ్రరీల ఉన్నది” అని చక్కా వెళ్లిపోయాడు. సాయంత్రం బడి వదలగానే యార్డు ముందు ఉరుకులాట.

“పుస్తకం ఇంటికి పట్కపోన్రి. ఆఖరి పేజీలు మాత్రం గీ డబ్బలనే ఉంటయి” అన్నాడు సారు. “సంపింది ఎవరో, ఎందుకు అనుకుంటున్నరో నా ముంగట నిలవడి చెప్పాలె. సరిగ్గ చెప్తె డబ్బ తెరుస్త, ఈడనే కూసోని చదువుకోవాలె. తప్పైతె మల్ల చదువున్రి. ఇంకో మాట. ముగింపు బైట ఎవలికన్న చెప్పిన్రో, ఇగ వాళ్లకు పుస్తకం లేదు.”

అందరం డబ్బా మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాం. ఎంత మందిమి చదివామో, ఎంత కొట్లాడుకున్నామో! వంటమనిషి అని ఒకరు, కాదు కాంపౌండరు అని ఒకరు. నేను రెండుసార్లు తప్పు చెప్పి ఏడ్చాను కూడా. సారు ఊరుకోబెట్టడానికి, “విషం గురించి నీకు తెల్వదు బిడ్డా, అందుకే దొరకలె” అని మొక్కల మీద రాసిన లావు పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. హంతకుడి కోసం ఆ పుస్తకం మొత్తం చదివాను. ఉమ్మెత్త గింజ గురించీ గన్నేరు గురించీ ఇప్పటికీ అడగండి, చెబుతాను. ఆ సారు అంత గడుసువాడు.

మా బాపు యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తా. కోపిష్టి. నా పుస్తకాల సంచిలో అట్ట మీద కత్తి బొమ్మ చూసి, “చదువుకొమ్మని బడికి తోలిస్తే గీ దొంగల పుస్తకాలా? ఇంకోసారి కండ్లవడ్తే పొయ్యిల పెడ్త” అన్నాడు. అందుకని బాపు యార్డులో ఉన్నప్పుడు వంటింట్లో కూర్చుని చదివేదాన్ని, అమ్మకు వినబడేలా. అమ్మ చింతపండు పిసుకుతూ, రొట్టెలు కొడుతూ వినేది. పుస్తకం తెగిన చోటుకు రాగానే ఆగిపోయేదాన్ని.

“ఇగ? ఎవలు సంపిన్రు?” అనేది అమ్మ.

“చెప్పొద్దమ్మా. ఒట్టేసిన.”

“నాకు గూడనా?”

“నీకు గూడ.”

“అబ్బో, మస్తు నియమమే” అని మళ్లీ పనిలో పడేది. అమ్మకు చదువు రాదని మా అందరి లెక్క. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేయడమే నేను చూశాను. ఆడవాళ్లు లైబ్రరీ గడప ఎక్కడం కూడా మా ఊళ్లో ఎవరూ చూసింది లేదు.

ఆ ఎండాకాలం ముందు పేపరు పెద్దమనిషి జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టాడు. సారు సర్కారు పుస్తకాలను కోసి నాశనం చేస్తున్నాడనీ, పసిపిల్లలకు హత్యలు నేర్పుతున్నాడనీ. సోమవారం పొద్దుటి ప్యాసింజరుకు పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. సారు పెద్దగా కంగారు పడలేదు. “కోసినయి మల్ల కుట్టేద్దాం. ఒక్క పేజీ గూడ పోలేదు గద” అన్నాడు. శుక్రవారం లైబ్రరీకి సెలవు. శనివారం పొద్దున కుట్టుడు మొదలుపెడదామని మమ్మల్ని రమ్మన్నాడు.

శనివారం బీరువా తెరిచాడు. డబ్బా లేదు.

అర మొత్తం తడిమాడు. పైన చూశాడు, కింద చూశాడు, బీరువా వెనక్కి చెయ్యి పెట్టాడు. తరువాత కుర్చీలో కూలబడ్డాడు. పెద్దవాళ్ల ముఖంలో అంత భయం నేను అదే మొదటిసారి చూడటం. “డబ్బ దొరకకపోతె నా కొలువు పోతది. గీ గదికి తాళం పడ్తది. మీరు ఇండ్లకు పోన్రి” అన్నాడు. మేం పోలేదు. ఇంతకాలం చదివింది దేనికి మరి?

గది తాళం పగల్లేదు, బీరువాకు తాళం వేసే అలవాటే లేదు. వెనక వసారాలోకి తెరుచుకునే తలుపు గడియ మాత్రం వదులుగా ఉంది. డబ్బా ఉండే చోట అర మీద ఎర్రటి పొడి సన్నగా రాలి ఉంది. సారు వంగి చూడగానే తుమ్మాడు. నేను దాన్ని కాగితంలోకి ఊడ్చి, పొట్లం కట్టి, నా కంపాసు పెట్టెలో పెట్టుకున్నాను. మా జట్టులో స్టేషన్ పోర్టరు బిడ్డ ఒకతి ఉండేది, నా ప్రాణ స్నేహితురాలు. “మిర్చి అంటే ఇంకెవలే? పేపరు పెద్దమనిషే. అర్జీ పెట్టిందీ ఆయనే, డబ్బ దాసిందీ ఆయనే” అన్నది. మాకూ అలాగే తోచింది. ఆదివారమంతా ఆయన వెనకాలే తిరిగాం. మిర్చి కుప్పల దగ్గర, దుకాణం దగ్గర, చివరికి ఆయన పేపరు చదువుతుంటే చుట్టూ చేరి చొక్కా వాసన కూడా చూశాం. “ఏంది మీ లొల్లి? నేను ఏమన్న బిర్యానీనా?” అని అరిచాడు. డబ్బా జాడ మాత్రం తెలియలేదు. ఆ రాత్రంతా సారు ముఖమే కళ్ల ముందు.

సోమవారం పొద్దున బాపు యార్డుకు వెళ్లిపోయాడు. అమ్మ వేడన్నం పెట్టింది. కొత్త కారం జాడీ అప్పుడే మూత తీసింది. దంచిన కారం మగ్గాలని మా ఇంట్లో రెండు రోజులు మూత తీసేవాళ్లు కాదు. అన్నంలో ఇంత కారం, ఇంత నూనె వేసి కలిపి ముద్ద నోటి దాకా తెచ్చాను. అక్కడే ఆగిపోయాను.

ఎల్లిగడ్డ వాసన, అంటే వెల్లుల్లి. దాని వెనక మెంతులు. మా అమ్మ మెంతులను మాడీ మాడకుండా వేయించి కారంలో దంచుతుంది. ఆ చేదు వాసన ఇంకెవరి కారంలోనూ రాదు. ఎడమ చేత్తో కంపాసు పెట్టె తెరిచి పొట్లం విప్పాను. యార్డు మిర్చికి ఘాటే తప్ప ఎల్లిగడ్డ వాసన ఎక్కడిది? పొట్లం వాసన చూశాను, కంచం వాసన చూశాను. రెండూ ఒకటే. ఆ ముసలవ్వ ఇంటి వెనక వసారాలో పెద్ద రోలుంది. శుక్రవారం అమ్మ అక్కడికే వెళ్లి కారం దంచుకొచ్చింది.

“అమ్మా” అన్నాను. “డబ్బ నువ్వు తెచ్చినవా?”

అమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. కాసేపు కట్టెలు ఎగదోసింది. తరువాత లేచి, మిగిలిన మిరపకాయల గోనె సంచిలో చెయ్యి పెట్టి నెమలి బొమ్మ డబ్బాను బయటికి తీసింది.

“మల్ల శుక్రారం పోయినప్పుడు ఆడనే పెడ్దామనుకున్ననే. ఎవలికీ తెల్వదనుకున్న. నువ్వేమో ముగింపు చెప్పవు. ఎన్ని రోజులని మనసు కొట్టుకుంటది?”

“నీకు చదువస్తదా?” అన్నాను. నాకు డబ్బా కంటే అదే పెద్ద వింతగా ఉంది.

“మా ఊర్ల మిషన్ బడి ఉండె. అయిదు దాక చదివిన. ఈడికొచ్చినంక మీ నాయినమ్మ వేలిముద్ర వేస్తుంటే నేను సంతకం పెడ్తె ఏం బాగుంటదని నేనూ వేలిముద్రే వేసిన. ఇగ గదే అయిపోయింది. నన్నెవలడిగిన్రు, చదువొస్తదా అని?” అన్నది. నేను బడికి పోయాక నా పుస్తకాలన్నీ చదివేదట.

దూరంగా రైలు కూత వినబడింది. అప్పుడు చెప్పాను, ఆఫీసరు సంగతి, అర్జీ సంగతి, సారు కొలువు సంగతి. బాపు చెవిన పడుతుందని నేను ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు, అమ్మకు ఇవేమీ తెలియవు. “అయ్యో! ఎంత పని జేస్తిని” అని డబ్బాను గంపలో పెట్టింది. నేను గంప అందుకోబోయాను. అమ్మ నా చెయ్యి తీసేసింది.

“నువ్వు పట్కపోతె నిన్నే దొంగంటరు. నేనే పోత.”

“బాపు ఆడనే ఉంటడమ్మా.”

“ఉండనీ” అన్నది. కొంగు నడుముకు చుట్టుకుంది.

ఇంటి నుంచి లైబ్రరీకి పోవాలంటే యార్డును అడ్డంగా దాటాలి. గంప నెత్తిన పెట్టుకుని అమ్మ ముందు, నేను వెనక. మిర్చి బస్తాల సందుల్లోంచి, హమాలీల మధ్య నుంచి. బాపు కాంటా దగ్గర నిలబడి తూకం చెప్పించుకుంటున్నాడు. మమ్మల్ని చూశాడు. అమ్మ అటు తల తిప్పలేదు. నేను మాత్రం అమ్మ వెనక నక్కి నడిచాను.

లైబ్రరీలో అప్పటికే ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద చివర లేని పుస్తకాల వరస. పేపరు పెద్దమనిషి పక్కనే నిలబడి ఒక్కోటి తీసి చూపిస్తున్నాడు. సారు గోడకు ఆనుకుని ఉన్నాడు, పెదవులు ఎండిపోయి. మా జట్టు పిల్లలంతా కిటికీకి వేలాడుతున్నారు.

అమ్మ గడప బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చింది, వెనకాలే నేనూ. డబ్బాను బల్ల మీద పెట్టింది.

“నేనే తీస్కపోయిన సారూ. పిల్లలది తప్పు లేదు, గీ సారుది గూడ లేదు. ఒక్క కాయితం గూడ పోలె, చూస్కోన్రి.”

పేపరు పెద్దమనిషే ముందు తేరుకున్నాడు. “గిదంత నాటకం సారూ. గామె వేలిముద్ర వేసే మనిషి. ఆమెకు పుస్తకాలెందుకు? సారే ఎవలతోనో పంపిచ్చుకున్నడు.”

ఆఫీసరు కళ్లజోడు సవరించుకున్నాడు. కోస్తా వైపు మనిషి. “ఏమ్మా, నీకు చదవటం వచ్చా?” అన్నాడు, నమ్మని గొంతుతో. డబ్బాలోంచి పైనున్న కుట్టు తీసి అమ్మ ముందు పెట్టాడు. జమీందారు కథ చివరి అధ్యాయం అది.

వాకిట్లో వెలుగు తగ్గింది. తల తిప్పి చూస్తే బాపు. గుమ్మానికి రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

అమ్మ కూడా చూసింది. కాగితాలు చేతిలోకి తీసుకుంది. తరువాత చదవడం మొదలుపెట్టింది. మొదట్లో తడబడింది, గొంతు సన్నగా వచ్చింది. రెండో పేజీకి వచ్చేసరికి వంటింట్లో నాతో మాట్లాడే గొంతు వచ్చేసింది. బంగ్లా హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు డిటెక్టివు. వంటమనిషి, కాంపౌండరు, డ్రైవరు, మేనల్లుడు. తలుపులు వేయించాడు. “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అన్నాడు. మెల్లగా చెయ్యి పైకెత్తాడు, వేలు చూపించాడు...

అమ్మ ఆపేసింది. కాగితాలు మూసి గుండెకు ఆనించుకుంది.

“ఊఁ, ఎవరూ?” అన్నాడు ఆఫీసరు, కుర్చీలో ముందుకు జరిగి.

“ఇగ చెప్పొద్దు సారూ. గీ లైబ్రరీల గదే రూలు. ముందుగాల మీరు చెప్పున్రి, ఎవలు సంపిన్రో, ఎందుకో.”

పెద్దాఫీసరును పట్టుకుని అంత మాట! ఆయన ముఖం ఎర్రబడింది. సారును చూశాడు, కిటికీకి వేలాడుతున్న పిల్లలను చూశాడు. “ఆస్తి కోసం కదా. మేనల్లుడే అయ్యుంటాడు” అన్నాడు.

కిటికీలోంచి వాళ్లూ, లోపలున్న నేనూ ఒక్కసారే అరిచాం: “తప్పూ! మల్ల చదువున్రి!”

ఆఫీసరు పెదవులు బిగించుకున్నాడు. ఇక తిడతాడనుకున్నాం. నవ్వు ఆగక ఆయనకు పొలమారింది. సారే లేచి మంచినీళ్లు ఇచ్చాడు. నీళ్లు తాగాక ఆఫీసరు మళ్లీ గట్టిపడ్డాడు. “నేను సాయంత్రం బండికి వెళ్తాను. ఈలోపు ఇవన్నీ కుట్టి ఉండాలి. ఒక్కటి తక్కువైనా రిపోర్టు రాయక తప్పదు” అన్నాడు. పిన్నీసులకు, సూదులకు లొంగే కట్టలు కావవి. సారు అనుకున్నట్టు రెండు రోజులుంటే సరే, ఒక్క పూటలో ఎట్లా?

గుమ్మం వైపు చూస్తే బాపు లేడు. ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందోనని ఇద్దరం ఒకే తీరుగా భయపడ్డాం. పేపరు పెద్దమనిషి, “మొగడు చూసి పోయిండు, ఇగ ఉంటది” అని పేపరుకు వచ్చిన ఇంకొకాయనతో గొణిగాడు.

కాసేపటికి బాపు మళ్లీ వచ్చాడు. చేతిలో బస్తాలు కుట్టే దబ్బనాలు, సుతిలి దారం ఉండ. ఎవరి వైపూ చూడకుండా నేల మీద చతికిలబడి, ఒక పుస్తకం ఒళ్లోకి లాక్కుని, దాని ఆఖరి పేజీల కోసం అమ్మ ముందుకు చెయ్యి చాపాడు. అమ్మ వెతికి ఇచ్చింది. బాపు దబ్బనం దింపాడు. పొద్దుగూకేలోపు అన్నీ కుట్టారు, అమ్మ ఏరి ఇస్తూ, బాపు కుడుతూ. ఆఫీసరు ఒక్కోటి లాగి చూసి, సారు భుజం తట్టి వెళ్లిపోయాడు. పోతూ పోతూ జమీందారు పుస్తకం అడిగి తీసుకువెళ్లి, తరువాత పోస్టులో పంపాడు.

సారు కొలువు నిలిచింది. ఆ తరువాత కొన్నాళ్లకు కొత్తగూడ అడవుల వైపు బదిలీ అయ్యాడు. అక్కడ ఏ పిల్లలను ఏడిపించాడో, ఏ డబ్బా కొనుక్కున్నాడో తెలియదు. పోయేముందు అమ్మ చేత సభ్యత్వం కాగితం మీద సంతకం పెట్టించాడు. అమ్మ పేరు అమ్మ చేతిరాతలో నేను చూడటం అదే మొదలు. గుండ్రటి అక్షరాలు.

ఇంటికి వెళ్లాక ఆ రోజు బాపు అమ్మను ఏమీ అనలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద పడుకుని చాలాసేపు దూలాలను చూశాడు. చివరికి అడిగాడు.

“గా జమీందారును ఎవలు సంపిన్రే? డ్రైవరేనా?”

“ముందుగాల చదువు” అన్నది అమ్మ. “చదివి చెప్పు.”

బాపుకు పద్దులు తప్ప కథలు పట్టవు. పుస్తకం ముట్టుకోలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. పండగకు అడిగేవాడు, కోపం తగ్గాక రాజీకి వచ్చేందుకు అడిగేవాడు, కురవి జాతరకు ఎడ్ల బండి మీద పోతూ అడిగాడు. “డ్రైవరే గద?” అమ్మ నవ్వేది తప్ప చెప్పేది కాదు. నన్ను అడిగితే నేనూ చెప్పలేదు. ఒట్టు ఒట్టే. అలా ముసలివాళ్లయ్యారు.

చివరకు మహబూబాబాద్ దవాఖానలో బాపు మంచం మీద ఉన్నాడు. ముక్కుకు గొట్టం పెట్టారు, మాట సరిగా రావడం లేదు. అమ్మను దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. “ఇప్పుడన్న చెప్పవే. డ్రైవరే గద?”

అమ్మ కొంగుతో ఆయన నోరు తుడిచింది. “ఇంటికి రా, చెప్త” అన్నది.

బాపు ఇంటికి రాలేదు. కారులో ఇంటికి వస్తూ అమ్మ ఒక్కటే మాట అన్నది, “చెప్తె ఇగ అడగడేమోనని చెప్పలేదే.” నేను ఏడ్చాను, అమ్మ ఏడవలేదు.

జనగామ బడిలో ఆ రోజు రెండు మాటలు చెప్పమంటే నాకు ఒక్క మాటా రాలేదు. కార్యక్రమం అయిపోయాక ఒక పిల్ల, ఆరో క్లాసు ఉంటుందేమో, కవరు పట్టుకుని నా వెనకాలే గేటు దాకా వచ్చింది. “మేడం, వాచ్‌మనే గద సంపింది? జర చెప్పున్రి మేడం, ఎవలికీ చెప్ప” అన్నది. ఎందుకు అనుకుంటున్నావో చెప్పమన్నాను. “ఊకెనే అట్లనిపిచ్చింది మేడం” అన్నది.

“మల్ల చదువు బిడ్డా” అన్నాను. “రేపు మల్లొస్త. అప్పుడు చెప్పు.”

మర్నాడు నేను జనగామ వెళ్లాల్సిన పని ఏమీ లేదు. అయినా పొద్దుటి బస్సుకు బయల్దేరాను.